గడ్డకి సూది తగిలితే

అమ్మా,

ఇవాళ నా మెడలో గడ్డకి సూది పరీక్ష చేశారు. పోయిన వారం గొలుసు కొక్కెం పెట్టుకుంటుంటే వేలికి తగిలింది, సరిగ్గా నీకున్న చోటే. విజయవాడలో స్కాన్ చేసిన డాక్టరుగారు అంచులు బాగాలేవు, సూదితో కాస్త తీసి పరీక్షకి పంపాలన్నారు.

సంగతి తెలిసి మంగళగిరి నుంచి పెద్దమ్మ పరిగెత్తుకొచ్చింది. "గడ్డకి సూది తగిలితే ఒళ్ళంతా పాకుద్ది, వద్దే" అంది. అప్పుడు నీకు చెప్పిన మాటే. నువ్వు విన్నావు. ప్రార్థన చేసిన నూనె రాసుకుని, పైట మెడచుట్టూ కప్పుకుని, గొంతు బొంగురుపోయేదాకా చర్చిలో పాడావు. నీ గడ్డకి ఏ సూదీ తగల్లేదు. అయినా పాకింది కదా! ఆ మాట పెద్దమ్మ మొహం మీదే అనేశాను. ఏడుస్తూ వెళ్ళిపోయింది. నేను ఆపలేదు.

ఇవాళ సూది గుచ్చే ముందు డాక్టరుగారు "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగారు. మా అమ్మ మెడలో గడ్డతోనే పోయిందన్నాను.

"ఆవిడది ఏ రకం?"

"తెలీదండీ. పరీక్షే చేయించలేదు."

డాక్టరుగారు రాయడం ఆపి నా వంక చూశారు.

రిపోర్టు సోమవారం వస్తుంది. మంచి మాట వస్తుందని నాకేం ఆశ లేదు. నీకు ఒక్కటే చెప్పాలనిపించింది. సూది గుచ్చితే చీమ కుట్టినట్టుంది. అంతేనమ్మా.