తినవే గుంటా

కొత్తవలస,
ఆదివారం మధ్యాహ్నం

నన్ను ఎత్తుకు పెంచిన అప్పకు,

నీ తమ్ముడు కూర్మయ్య దండాలు. ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి, మళ్లీ జేబులో పెట్టేశాను. అందుకే ఇక్కడ కుక్కలను చూసుకునే రేఖ గారి దగ్గర కాగితం అడిగి తీసుకుని రాస్తున్నాను. దీన్ని ఫొటో తీసి నీ మనవరాలు కుమారి ఫోనుకు పంపుతానంది ఆవిడ.

నా డైనా తొమ్మిది రోజులుగా ఏమీ తినడం లేదట అప్పా. ఎనిమిదేళ్లు నాతో బాంబుల వాసన పట్టిన కుక్క. రిటైరయ్యాక ఇంటికి తెచ్చుకుందామంటే నీ మరదలు హేమకు ఉబ్బసం, పడదు. రిటైరైన పోలీసు కుక్కలకూ గుర్రాలకూ జనం చందాలు వేసుకుని ఇక్కడ ఒక ఇల్లు నడుపుతున్నారని తెలిసి, మొన్నటిది కాక అంతకుముందు శుక్రవారం అప్పగించాను. బాగుంది, ఫ్యాన్లు కూడా ఉన్నాయి. నిశ్చింతగా వెళ్లిపోయాను. పొద్దున రేఖ గారు ఫోన్ చేస్తే పరుగెత్తుకొచ్చాను.

గేటు దగ్గరే ఆగిపోయాను. కుక్క తినడం లేదన్న వీడియో ఎవరో పెట్టారట. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఉన్నారు. ఒకాయన కోడికూర, ఒక ముసలావిడ ఉడికిన గుడ్లు, భీమిలి నుంచి చేపలమ్మే ఆడవాళ్లు ముళ్లు తీసిన చేప ముక్కలు. డైనా చుట్టూ గిన్నెలే గిన్నెలు. వాటి మధ్యన ఎముకల గూడు. మూతి ముందు పెరుగన్నం ఉంది. చొంగ కారుతోంది. కానీ ముట్టదు.

ఎందుకో నాకు తెలుసు. పోలీసు కుక్క పరాయివాళ్లు పెట్టింది తినకూడదు, ఎవరైనా విషం పెడతారని. మేం అనుమతి మాట చెబితేనే తినేలా నేర్పుతాం. నేనే నేర్పాను.

రేఖ గారు అప్పగింత కాగితం తెచ్చి చూపించింది. "మీరు రాసిందే రోజూ అంటన్నాను సార్. 'ఈట్, ఈట్' అని. నా గొంతులో ఏటైనా తేడా ఉన్నాదా?" అంది. అక్షరాలు నావే.

అప్పా, నేను డైనాకు 'ఈట్' అని ఏనాడూ అనలేదు. 'తినవే గుంటా' అనేవాణ్ణి. చిన్నప్పుడు నువ్వు నాకు 'తినరా గుంటడా' అంటూ ముద్దలు పెట్టిన మాటే. ట్రైనింగులో మొదటిరోజు ఆ మాట నోరుజారి అంటే, "గుంట ఏంటయ్యా, ఎక్కడ తవ్వావు?" అని వరసంతా నవ్వింది. పిల్లను గుంట అంటారని వాళ్లకేం తెలుసు? ఆరోజు నుంచి నలుగురిలో మిగతా ఆజ్ఞలన్నీ ఇంగ్లీషు, తిండి మాత్రం చాటుగా మన మాటతో. కాగితం నింపేటప్పుడు మన మాట రాయడానికి సిగ్గేసింది. ఈ సిగ్గు సంగతి ఇన్నేళ్లలో నీకు చెప్పలేదు.

వెంటనే దాని దగ్గర కూర్చుని "తినవే గుంటా" అన్నాను. చెవులు లేచాయి. తోక కొట్టింది. నన్ను చూసి, గిన్నెను చూసి, మళ్లీ నన్ను చూసింది. తినలేదు! పదిసార్లు అన్నాను. నాకు మతిపోయింది అప్పా. సెలైన్ మీద ఇంక రెండు రోజులంటున్నాడు డాక్టరు. మాట సరైనదే కదా, మరెందుకు తినదు?

నీ తమ్ముడు
కూర్మయ్య


బొబ్బిలి,
ఆదివారం సాయంత్రం

ఒరే కూర్మిగా,

నాను సెప్తంటే కుమారి రాస్తంది. ఒక్క ముక్క మార్సొద్దన్నాను.

నీ బుద్ది ఏటయిపోనాదిరా? బందోబస్తుకని వొచ్చి, ఆ కుక్కతోటి నా ఇంటికాడ మూడ్రోజులు ఉన్నావు. నాను సూడలేదనుకున్నావేటి? నీకు ఆకలెక్కువ. ముందు నీ నోట్లో ముద్ద ఎట్టుకుంటావు. అది నములుతానే దానికి సెప్తావు. తినవే గుంటా అన్నానని నీ మట్టుకు నువ్వనుకుంటావు. బయటికొచ్చేది 'తిమ్మే ఉంట'. మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం. ఆ కుక్క ఎనిమిదేళ్లు ఇన్నది ఆ మాటేరా. కాళీ నోటితో సక్కగా సెప్తే దానికేటి తెలస్తాది?

నా మాటంటే సిగ్గుపడ్డావు. మరి నా ముద్ద నీ గొంతు ఎలాగ దిగిందిరా? ముందు కూకుని తిను. తరవాత దాన్ని తినమను. నాను రేపు పొద్దున్న బస్సుకొస్తన్నాను.

నీ అప్ప
గురమ్మ


కొత్తవలస,
సోమవారం, తెల్లవారుతుండగా

అప్పా,

బస్సెక్కేలోపు కుమారి ఇది నీకు చదివి వినిపించాలి.

నీ ఉత్తరం అందగానే అంతమందిలోనూ నేలమీద చతికిలబడ్డాను. దాని గిన్నెలోంచే పెరుగన్నం ముద్ద తీసి నోట్లో కుక్కుకున్నాను. ఎవరో నవ్వారు, ఎవరో వీడియో తీయడానికి ఫోన్ ఎత్తారు. నములుతూ అన్నాను. డైనా వెంటనే గిన్నెలో మూతి పెట్టింది. నాలుగు ముద్దలు తింది. గుడ్లు తెచ్చిన ముసలావిడ బావురుమంది, నేనూ ఏడ్చాను. రేఖ గారు కాగితం మీద 'ఈట్' కొట్టేసి, ఎలా అనాలో నా దగ్గర నేర్చుకుంది, నోటినిండా అన్నంతో.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. కానీ నీకు దాచడం మానేశాను.

"అయితే మిగతావాళ్లవి కూడా సూడాలి సార్," అంటూ ఆవిడ మిగతా కుక్కల కాగితాలు, రెండు గుర్రాల కాగితాలు తెచ్చింది. అడుగున రాకీది ఉంది. నాతో పనిచేసిన గోవింద్ కుక్క అది. డైనా పక్కన రాకీ గది ఖాళీగా ఉంటే, వాణ్ణి ఎక్కడికో మార్చారనుకున్నాను. "రాకీ పోయిన నెల పోయాడు సార్. తిండి మానేశాడు. ముసలితనం అనుకున్నాం," అంది.

రాకీ కాగితం మీద కూడా 'ఈట్' అనే ఉంది. ఆ చేతిరాత గోవింద్‌ది కాదు. నాదే. రెండు నెలల క్రితం వాడు ఆ కాగితం నింపలేక నా దగ్గరకొచ్చాడు. "ఊరి మాటలు రాస్తే పరువు పోతుందిరా" అని నేనే కలం లాక్కుని రాశాను.

రాత్రి గోవింద్‌కు ఫోన్ చేసి, రాకీకి ఏమని పెట్టేవాడివి అని అడిగాను. వాడు నవ్వాడు. "ఏటనేవోణ్ణి? 'రా బావా, తిందుము' అనేవోణ్ణి. ఏం, ఇప్పుడెందుకు?" అన్నాడు. ఊరికే అడిగానని చెప్పి ఫోన్ పెట్టేశాను. రాకీ వయసైపోయి పోయాడనే వాడు ఇంకా అనుకుంటున్నాడు.

నువ్వు నేరుగా ఇక్కడికి వచ్చి డైనా దగ్గర కూర్చో. ముద్ద నములుతూ దానికి చెప్పు, నీ గొంతు దానికి తెలుసు. నేను నరసన్నపేటలో గోవింద్ ఇంటికి బయలుదేరుతున్నాను. ఫోన్లో చెప్పే మాట కాదిది.

నీ
కూర్మిగాడు