ఫికర్ అనే మాట

శకుంతలక్కా, మంచిగున్న, ఈ పరాయి దేశంల చలే జర తిప్పలు పెడుతున్నది.

నన్ను టీవీల చూసి మొగుడంపల్లంత మురిసిందని రాసినవు. ఆ దినం ఏమైందో విను. కొడుకును పోలీసులు పట్టుకపోయి మాయం చేసిన్రని ఒక తల్లి ఇక్కడి దేశదేశాల మానవ హక్కుల సభకు వచ్చింది. తీర్మానంల ముందుగాల "ఖండిస్తున్నం" అని రాసిన్రు. కొన్ని దేశాలు ఒప్పుకోలే. రాయబారిని గదా, నేనే నడుమ కూసొని దాన్ని "ఆందోళన చెందుతున్నం" అని మార్పించిన. అందరు చప్పట్లు కొట్టిన్రు. ఆమెకు ఉర్దూ తప్ప ఏం రాదు. మన జహీరాబాద్ ఉర్దూల నేనే చెప్పిన: "అమ్మా, నీ కొడుకు కోసం అన్ని దేశాలు ఫికర్ చేస్తున్నయి."

ఆమె నా మొఖం చూసింది. "ఫికరైతే మా ఇంట్ల కూసొని నేను గూడ చేస్తుంటి బేటీ. గింత దూరం దానికేనా పిలిచిన్రు?" అన్నది.

బావ అల్లం తవ్వించిండా? ఈసారన్న గడ్డ కుళ్లలేదు గదా? ఎవరన్న ఇటు వస్తుంటే అల్లం తొక్కు పంపు. నీ బిడ్డ మానసకు నా దీవెనలు. నా లెక్కనే అయితనంటున్నదట, జర ఆలోచించుకొమ్మను.

ఎప్పుడు కార్డు చివర "ఫికర్ చేయకు" అని రాస్తుంటి. ఈసారి ఆ మాట రాయనీకి చేతులొస్తలేవు అక్కా.

నీ చెల్లె, విమల