పెళ్ళి పడవకు కావలసినవి

బావగారికి నమస్కారాలు.

మీ అమ్మాయి హిమబిందు పెళ్ళిలో మేనమామ మోసే గంప వద్దంటోంది. "మావయ్యా, మురమళ్ళ పెళ్ళిపందిరికి నీ పడవలోనే తీసుకెళ్ళు" అంది. ఆ సంతోషంతో నాకు కాలు నిలవడం లేదు.

అయితే ఇంజనుకు రెండు పక్కలా పొగను బయటికి పంపే మానిఫోల్డులు ఉప్పునీటికి చిల్లులు పడ్డాయి. పెళ్ళికూతురి ముఖాన పొగ కొట్టకూడదు కదండీ. స్టీలువి తేలిక గాని అతుకుల దగ్గర పగులుతాయి. పాతవి చౌక గాని లోపలి తుప్పు కనబడదు. అందుచేత కొత్త పోత ఇనుపవే నిర్ణయించేను. ఎడమది కుడివైపు పట్టదు కనుక, రెంటి అంచులకూ మసి పూసి, మిగిలిన శుభలేఖల వెనక అచ్చులు తీసి ఇందులో పెట్టేను. మీరుండే మస్కట్‌లో దుకాణానికి వెళ్ళి వీటితో సరిచూడండి.

మీరే తెస్తారనుకుని అక్కయ్య, "పెళ్ళికూతురి తండ్రి పెట్టెలో ఇనుమేంట్రా తమ్ముడూ!" అని ఒకటే నవ్వు. మీరేమో సెలవు అనుమానమనీ, పార్సిల్ వేస్తాననీ అన్నారు.

నా జాబితా: ఎడమ మానిఫోల్డు ఒకటి, కుడి మానిఫోల్డు ఒకటి, గాస్కెట్లు నాలుగు, బోల్టులు పదహారు. దాని కింద అమ్మాయి తన చేత్తో ఇంకో వరుస చేర్చింది: "నాన్న, ఒకరు."

ఆ ఆఖరిది పార్సిల్‌లో రాదండీ.

పడవ దగ్గర ఎదురుచూసే
మీ బావమరిది