ఆరున్నొక్కటి

ఫిబ్రవరి 3, 1964, సోమవారం

తేదీ క్యాలెండరు చూసి దించాను. సైకిల్ మీంచి పడి తల పగిలినప్పట్నుంచీ అంకెలు నా మాట వినడం లేదు. ఇవాళ ఫ్యాక్టరీ డాక్టరు టేబుల్ మీద గుండీలు పెట్టాడు. మూడు పెడితే చూస్తూనే మూడన్నాను. ఇంకో రెండు కలిపాడు. అంతే, కుప్ప! ఎన్నో చెప్పలేకపోయాను. సిగ్గేసింది. పదిహేడున మళ్లీ టెస్టు. పాసయితే నా క్రేన్ నాకిస్తారు. లేకపోతే ఆఫీసులో ఫైళ్లు మొయ్యాలి. ఎత్తు, దించు అని కిందవాడు ఈల ఎన్నిసార్లు వేశాడో తెలియనివాణ్ణి క్రేన్ ఎవడెక్కనిస్తాడు?

ఫిబ్రవరి 6, గురువారం

మా ఆవిడ పోలమ్మ నీళ్లకెళ్లి ఎంతకీ రాలేదు. అంకెల్లాగే కాలం లెక్కా తెలీడం లేదు, గంటలు గడిచిపోయాయనిపించింది. కాలు నిలవక మా ఫ్యాక్టరీ కూలీలుండే క్యాంప్ 2 సందులన్నీ తిరిగాను. వదిన ఇప్పుడే కద భయ్యా బిందె అట్టుకెల్లింది, అని పక్కింటి బలరాం ఒకటే నవ్వు. కుళాయి దగ్గర అందరి ముందూ పెళ్లాం మీద అరిచాను. ఛీ, ఏం బతుకు.

ఫిబ్రవరి 9, ఆదివారం, మధ్యాహ్నం

పోలమ్మ నెల బియ్యం తవ్వతో కొలిచి డబ్బాలో పోస్తోంది. అచ్చం మా అమ్మలాగే. ఒకటి అనదు, లాభం అంటుంది. ఇంట్లో ఏడుపు వద్దని ఏడు అనదు, ఆరున్నొక్కటి అంటుంది. ఆ లెక్క పాటకి నా నోరు దానంతటదే కలిసింది. నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది... ఒక్కటీ తప్పలేదు! మళ్లీ కొలువు, మళ్లీ కొలువు అని పోలమ్మ ప్రాణం తీశాను. ఇలాగ కొలిత్తే బియ్యం నూకలైపోతాయి, నీకేటి, వండుకునేది నాను, అంది. అంటూనే డబ్బా మళ్లీ వొంపింది.

ఫిబ్రవరి 12, బుధవారం

లాభం, రెండు, మూడు. నిద్రలో కూడా.

ఫిబ్రవరి 17, సోమవారం

డాక్టరు నన్ను కళ్లు మూసుకోమని పెన్సిల్‌తో టేబుల్ మీద కొట్టాడు. లాభం, రెండు అంటూ నోట్లోనే కొలిచాను. ఎన్ని అని హిందీలో అడిగాడు. ఛే ఔర్ ఏక్, అన్నాను. ఆరా, ఒకటా, అన్నాడు. మా ఇళ్లల్లో ఇలాగే కొలుస్తారు సాబ్, అని అంతా చెప్పాను. పాపం, నవ్వలేదు, విన్నాడు. లెక్క సరిగ్గానే ఉందన్నాడు. నా గుండె ఎగిరింది.

ఈసారి గబగబా కొట్టాడు. నా నోరు ఆరున్నొక్కటి దగ్గర ఉండగానే చప్పుడు ఆగిపోయింది. ఎన్ని దాటిపోయాయో! లెక్కపెడుతున్నది నీ నోరు, నీ తల కాదు, అన్నాడు. నోరు ముగించేలోగా క్రేన్ బరువు ఎవడి నెత్తినో దిగుతుందన్నాడు. కోపమొచ్చింది. వాదిద్దామని నోరు తెరిచాను. కానీ ఆ మాట నిజం. అన్‌ఫిట్.

ఇంటికొచ్చి, ఆరున్నొక్కటి దగ్గరే ఓడానని పోలమ్మకి చెప్పాను. అన్నం వద్దన్నాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

నేనడగలేదు. పోలమ్మే బియ్యం చాప మీద పోసి కొలవడం మొదలెట్టింది. ఆరు తర్వాత ఆగి నా మొహం చూసింది.

ఏడు, అంది.

ఏడ్చాను.

ఎనిమిది, అంది.