పుస్తకంలోని ఎండ

1947 జనవరి, ఆదివారం రాత్రి

ఒళ్ళంతా అలసటగా ఉంది, అయినా ఇది రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. ఫొటో స్టూడియో ముసలాయన ఇవాళ నా ఫిల్ము కడిగి తీగకు వేలాడదీశాడు. ఎనిమిది బొమ్మలూ మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. పోయిన నెల మా ఊరు దొడ్డబళ్ళాపురం వీధిలో నాయన పడుగు నూలు చాచి గంజి పెడుతుండగా తీసినవి. అదే ఆయన చివరి పడుగు. తర్వాతి వారమే మగ్గం అమ్మేసి ఆయన్ని పట్నంలో నేనుండే నగర్తపేటకు తెచ్చుకున్నాను.

లైబ్రరీ ఇంగ్లీషు పుస్తకంలో పట్టిక చూసే తీశానని ముసలాయనతో అన్నాను. డిసెంబరులో వెలుతురు తక్కువ గనక ఫిల్ముకు నాలుగింతల సేపు వెలుతురు తగలనివ్వాలని అందులో ఉంది.

ఆయన పేజీలు తిరగేశాడు. "ఇది సీమదొరలు వాళ్ళ ఊరికి రాసుకున్నది అప్పా. వాళ్ళకి డిసెంబరులో మధ్యాన్నమే మసక. మనకి ఎండ కండ్లు పొడస్తా ఉండాది గదా. వెలుతురు ఎక్కువ తగిల్తే ఫిల్ము ఇట్లే నల్లబడతాది."

నిఘంటువు పక్కన పెట్టుకుని ఏడాదిపాటు చదివిన పుస్తకం. ఇక ఎవరి దగ్గర నేర్చుకోవాలో...

ఇంటికి రాగానే నాయన "బొమ్మలు వచ్చినాయా?" అన్నాడు. ఇంకా కడగలేదని అబద్ధం చెప్పాను.

బొమ్మలు తీసిన ఆ పొద్దున ఆయన పడుగు మీద చెయ్యి ఆనించి, "ఎండ బలంగా ఉండాది, గంజి అప్పుడే ఆరిపోతాది, తొందరగా కానీప్పా" అన్నాడు. నలభై ఏళ్ళు ఎండను చేత్తో కొలిచిన మనిషి. నేను తలెత్తకుండా పట్టికలో డిసెంబరు వరుస వెతుకుతున్నాను.