చక్రవర్తి ముఖం కడిగాను

చిరంజీవి తమ్ముడికి,

దీవెనలు. మొన్న మంగళవారం పొద్దున ప్రార్థన ముగించి, దీపం తోమి కిటికీ దగ్గర ఆరబెట్టాను. మీ బావ ఒక కాలికి బూటు తొడిగి, రెండోది మరిచిపోయి పేపరు చదువుతున్నారు. గిన్నెలో సబ్బునీళ్లు మిగిలాయి. పారబోయడం ఎందుకని, నువ్వు మా ఇంట్లో దాచిన నీ నాణేల పెట్టె తెరిచాను. దేశదేశాల రాజులందరూ నల్లగా, దిగులుగా ఉన్నారు. మధ్య గడిలో ఉన్న పెద్ద చక్రవర్తిని గుడ్డతో రుద్దాను. వెంటనే మెరిసిపోయాడు. ఇంకో ఇద్దరిని కూడా పట్టుకున్నాను కానీ మొండిఘటాలు, నలుపు వదల్లేదు.

ఇట్లు,
పెద్దక్క

తా.క.: మెచ్చుకుంటూ పెద్ద ఉత్తరం రాయనక్కర్లేదు.

•

పెద్దక్కా,

నమస్కారాలు తర్వాత. కొంప ముంచావు! అది మురికి కాదు తల్లీ, వయసు! రెండు వేల ఏళ్లు మట్టిలో పడుకుని తెచ్చుకున్న నలుపు. అది చూసే కదా, నా మోటారుసైకిల్ తాళాలు నాణేల సంఘం అధ్యక్షుడి చేతిలో పెట్టి, ఆయన దగ్గరున్న ఆ నాణెం తెచ్చుకున్నాను! ఇప్పుడు రోజూ ఆఫీసుకి నడిచి చస్తున్నాను. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం ఆయన ప్రదర్శనకి నాణేలు ఎంచడానికి మీ ఇంటికి వస్తున్నాడు. మధ్య అద్దాలపెట్టె నాదే అనుకున్నాను. తళతళలాడే చక్రవర్తిని చూస్తే సంఘంలోంచే గెంటేస్తాడు. ఆ నలుపు మళ్లీ తెచ్చిపెట్టగలవా?

తమ్ముడు

తా.క.: మిగతావాటి జోలికి వెళ్లావో, నా మీద ఒట్టే.

•

తమ్ముడికి,

దీవెనలు. తెచ్చిపెట్టాను. ఇంత చిన్న పనికి అన్ని కేకలెందుకు? గుడ్డకి అంటిన నలుపు వాసన చూస్తే ఎక్కడో తెలిసినదే అనిపించింది. గుమ్మం దాకా వెళ్లాక అర్థమైంది, మీ బావ బూట్ల పాలిష్. అదే డబ్బా తీసి చక్రవర్తికి రెండు పూతలు వేశాను. అచ్చం మునుపటిలాగే ఉన్నాడు. దిగులు కూడా తిరిగొచ్చింది.

పెద్దక్క

తా.క.: రెండు వేల ఏళ్ల కిందట బూట్ల పాలిష్ ఉండేదా? మీ బావ అడగమన్నారు.

•

పెద్దక్కా,

నీ ఉత్తరంలో ఆ గుడ్డ వాసన సంగతి నాలుగుసార్లు చదివాను. ఉండేది కాదని బావకి చెప్పు. అక్కడికి రావడానికి నాకు సెలవు దొరకలేదు. అధ్యక్షుడు పెద్దమనిషి, నువ్వేమీ గొడవ పెట్టుకోకు. నా ఖర్మ, నడుస్తాను.

తమ్ముడు

తా.క.: బావ బూట్ల సైజెంత? నావి అరిగిపోయాయి.

•

తమ్ముడికి,

దీవెనలు. గొడవేమీ పెట్టుకోలేదు. అధ్యక్షుడు గారు నీ బండి మీదే వచ్చి, భూతద్దం కంటికి ఆనించి, "చూశారామ్మా ఈ నలుపు! రెండు వేల ఏళ్లుగా ఒక్క చెయ్యి పడలేదు" అన్నారు.

"మొన్నామధ్య మంగళవారం పడిందండీ, నాదే" అన్నాను. గుడ్డా, పాలిష్ డబ్బా బల్ల మీద పెట్టాను.

మంచినీళ్లు అడిగారు. ఇచ్చాను. మళ్లీ అడిగారు. "కుర్రాడు ముచ్చటపడ్డాడని..." అంటూ నసిగారు. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. తెరిచేసరికి బల్ల మీద నీ బండి తాళాలున్నాయి, చక్రవర్తి లేడు. మొండిఘటాలిద్దరూ అసలు సిసలైనవాళ్లేనట. మధ్య అద్దాలపెట్టె వాళ్లకే రాసిచ్చి, ఆయన నడిచి వెళ్లారు.

పెద్దక్క

తా.క.: నీ బండి మీద వేలెడు మందాన దుమ్ముంది. సాయంత్రం అందరం కూర్చుని తేల్చుకున్నాం. నువ్వొచ్చి, అది వయసు కాదని చెప్పేదాకా ఎవరూ తుడవకూడదు.