కూర్చోండి అంటేనే కూర్చునే కుక్క

అక్కా,
నేను కులాసాగానే ఉన్నాను, కంగారు పడకు. కుక్కల శిక్షణలో మొదటి పరీక్ష గట్టెక్కాను. బెదిరిపోయిన కుక్కల్ని దారికి తెచ్చే రెండో చదువులో చేరాను, ఇంకో ఆరు నెలలు పడుతుంది. నాన్నకి నువ్వే మెల్లగా చెప్పు.

మొన్న ఒక ముసలి కుక్కను నాకు అప్పగించారు. దాన్ని పెంచిన మేష్టారు ఈమధ్యే పోయారు. నాలుగు రోజులు "కూర్చో, కూర్చో" అని గొంతు చించుకున్నా వినలేదు. మా పెద్ద ట్రైనరు బెత్తం తెచ్చాడు. కొట్టి నేర్పేది చదువే కాదని మన ఊళ్ళో బడుల దగ్గర నేను పంచిన కరపత్రాల్లో ఉన్నదంతా ఆయనకి అప్పజెప్పాను.

"అయితే బతిమాలుకో" అన్నాడు.

ఒళ్ళు మండి కుక్కవైపు తిరిగి, "అయ్యా, తమరు కాస్త కూర్చోండి" అన్నాను. ఠక్కున కూర్చుంది. మేష్టారు బడిపిల్లల్నీ కుక్కనీ కూడా "అండీ" అనేవారని తర్వాత వాళ్ళమ్మాయి చెప్పింది. బెత్తం మూలకి పోయింది.

నా నీలం స్వెట్టరు పంపు. బీరువా మీది కరపత్రాలకి చెదలు పట్టనివ్వకు. అమ్మ మోకాలు ఎలా ఉంది?

ఇక్కడ అందరూ నన్ను "మీరు" అంటారు. గదికొస్తే ఆ మాట అనేవాళ్ళు కూడా లేరు. ఇక్కడికి వచ్చానన్న కోపంతో నాన్న కిందటి కార్డులో "తమరు క్షేమమే కదా" అని రాశారు. ఆ కుక్కకి అది ఇంటిమాట, నాకు కాదు. ఈసారి "ఒరేయ్" అని మొదలుపెట్టమను. ఆ తర్వాత కార్డు నిండా తిట్టినా సరే.

అమ్మకీ నాన్నకీ దండాలు, నీ బుజ్జిదానికి ముద్దులు.

తమ్ముడు